బక్స్‌టన్ దొరగా తిట్లు తిన్న రే స్టీవెన్‌సన్... నిజానికి ఎన్ని వేషాలు వేశాడో!

‘ఆర్ఆర్ఆర్’ చూసినవాళ్లలో గవర్నర్ స్కాట్ బక్స్‌టన్‌ని తిట్టుకోనివాళ్లు ఉండరు. అడవిలో గోండు పిల్ల మల్లిని ఎత్తుకుపోతుంటే తల్లి కారు వెంట పరుగెత్తుకొస్తుంది. సిపాయి తుపాకీ ఎత్తుతాడు. దొర ఆపుతాడు. హమ్మయ్య, కాస్త జాలి ఉందనుకునేలోపే, ఇంగ్లండులో తయారై సముద్రాలు దాటి వచ్చిన తూటాని ఇలాంటివాళ్ల మీద దండగ చేస్తావా అని సిపాయికి పాఠం చెబుతాడు. అరవడు, కళ్లెర్రజేయడు. ఇంటి ఖర్చుల లెక్క చూసుకునే మనిషిలా చెబుతాడు. ఆ ఒక్క సీనుతో థియేటర్ మొత్తానికి అతనంటే ఒళ్లు మండిపోయింది.

ఇంతగా తిట్టుకున్న ఆ నటుడి పేరేమిటని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. “అదే, ఆ తెల్లదొర” అంటారు. సహాయ నటుల బతుకే అంత. మొహం గుర్తుంటుంది, వేషం గుర్తుంటుంది, పేరు మాత్రం టైటిల్ కార్డులతో పాటే వెళ్లిపోతుంది.

ఆయన పేరు రే స్టీవెన్‌సన్. రోమన్ సైనికుడు, నార్స్ పురాణంలో తిండిపోతు వీరుడు, ఉక్రెయిన్ మాఫియా నాయకుడు, సముద్రపు దొంగ, స్టార్ వార్స్ కత్తి యోధుడు... ఇవన్నీ వేసింది ఆయనే. 2023 మే 21న, ఇంకో నాలుగు రోజుల్లో 59 నిండుతాయనగా, ఇటలీలో ఒక షూటింగ్ మధ్యలో కన్నుమూశాడు. ఆయన చేసిన పాత్రలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వస్తే, పేరు తెలియని నటుడు సినిమాని ఎంత మోస్తాడో అర్థమవుతుంది.

ఆఫీసు ఉద్యోగం వదిలి...

స్టీవెన్‌సన్ 1964 మే 25న ఉత్తర ఐర్లాండ్‌లోని లిస్బర్న్‌లో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసేవాడు. పిల్లవాడికి ఎనిమిదేళ్లప్పుడు కుటుంబం ఇంగ్లండుకి, న్యూకాజిల్ వైపుకి మారింది. పెద్దయ్యాక లండన్‌లో ఇంటీరియర్ డిజైనర్‌గా ఉద్యోగంలో కుదురుకున్నాడు. చేతిలో పని ఉంది, నెల తిరిగేసరికి జీతం వస్తోంది. ఇక చాలనుకునేవాళ్లే ఎక్కువ.

ఆయన మనసు మార్చింది ఒక నాటకం. లండన్‌లో జాన్ మాల్కోవిచ్ నటించిన ‘బర్న్ దిస్’ చూశాక, తను చేయాల్సిన పని ఇదేనని అనిపించిందట. ఉద్యోగానికి దణ్ణం పెట్టేసి బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్లో చేరాడు. చదువు పూర్తయ్యేసరికి వయసు 29. అప్పటికే తోటివాళ్లు చాలామంది సినిమాల్లో పేరు తెచ్చుకుంటున్న వయసది. ఈయన అప్పుడే మొదలుపెట్టాడు.

మొదట్లో అన్నీ చిన్న వేషాలే. బ్రిటిష్ టీవీ సీరియళ్లలో పోలీసుగానో, ఎవరో ఒకరి మొగుడుగానో కనిపించేవాడు. 1998లో ‘ది థియరీ ఆఫ్ ఫ్లైట్’ అనే సినిమాలో కెన్నెత్ బ్రానా, హెలెనా బోన్‌హామ్ కార్టర్ ప్రధాన పాత్రలు వేస్తే, ఈయనకు దక్కింది డబ్బు తీసుకుని ఆడవాళ్లకు తోడుగా వెళ్లే మగవాడి వేషం. ఆ బ్రానాయే పదమూడేళ్ల తర్వాత డైరెక్టర్‌గా ‘థోర్’ తీసినప్పుడు స్టీవెన్‌సన్ అందులో ఉన్నాడు.

అదే కాలంలో ఇంకో వేషం కూడా ఉంది. 2000లో యార్క్ నగరంలోని ప్రసిద్ధ చర్చి యార్క్ మిన్‌స్టర్‌లో మధ్యయుగాల నాటి మిస్టరీ నాటకాలు ప్రదర్శించారు. బైబిల్ కథలను ఊరి జనమే కలిసి ఆడే సంప్రదాయం అది. మన దగ్గర వీధి భాగవతాలు ఆడినట్టు అనుకోండి. అందులో ఏసుక్రీస్తు వేషం స్టీవెన్‌సన్‌ది. ఆ రోజు క్రీస్తుగా శిలువ మోసిన మనిషే ఇరవై రెండేళ్ల తర్వాత కొమురం భీమ్‌ని కొరడాలతో కొట్టించే దొర అయ్యాడు.

మంచు మీద గొడ్డలి

సినిమా జనం కంట్లో పడింది 2004లో వచ్చిన ‘కింగ్ ఆర్థర్’తో. క్లైవ్ ఓవెన్ హీరో, కీరా నైట్లీ హీరోయిన్. స్టీవెన్‌సన్ వేసింది డాగొనెట్ అనే యోధుడి వేషం. మాటలు తక్కువ, ఆకారం ఎక్కువ. ఆరడుగులు దాటిన మనిషి, గుండు, వెడల్పాటి భుజాలు. ఇలాంటివాణ్ని చూస్తే ఎవరైనా “రౌడీ వేషానికి బాగుంటాడు” అంటారు. కానీ ఈ సినిమాలో ఆ కొండలాంటి మనిషే గాయపడిన ఓ చిన్న పిల్లాణ్ని చేరదీస్తాడు. గడ్డకట్టిన సరస్సు మీద యుద్ధం జరిగేటప్పుడు, తనవాళ్లను కాపాడటానికి ఒక్కడే ముందుకెళ్లి గొడ్డలితో మంచు పగలగొడతాడు. బాణాలు గుచ్చుకుంటున్నా ఆపడు. మంచు పగులుతుంది, శత్రువులు మునిగిపోతారు, అతనూ పోతాడు. సినిమా మొత్తంలో జనానికి గుర్తుండిపోయిన సీన్లలో అదొకటి.

పొడుగూ, లావూ ఉన్న నటుడికి ఒక చిక్కు ఉంటుంది. అందరూ అతని ఒంటినే వాడుకుంటారు. స్టీవెన్‌సన్ తన ఒళ్లు చూపిస్తూనే దాని లోపల ఒక మెత్తటి మనిషిని కూర్చోబెట్టేవాడు. తర్వాత ఆయన చేసిన మంచి పాత్రలన్నిటికీ ఇదే కిటుకు.

టైటస్ పుల్లో... తాగుబోతు, తోటి సైనికుడు, హంతకుడు

ఆ తర్వాత ఏడాది, 2005లో, హెచ్‌బీఓ, బీబీసీ కలిసి ‘రోమ్’ అనే సీరియల్ తీశాయి. జూలియస్ సీజర్ కాలం కథ. ఇటలీలోని చినెచిట్టా స్టూడియోలో ఊరంత సెట్ వేశారు. కథలో సీజర్ ఉన్నాడు, మార్క్ ఆంటోనీ ఉన్నాడు, క్లియోపాత్రా ఉంది. అయినా ప్రేక్షకులు ప్రేమించింది ఇద్దరు మామూలు సైనికులని. లూసియస్ వొరెనస్‌గా కెవిన్ మెకిడ్, టైటస్ పుల్లోగా రే స్టీవెన్‌సన్. ఈ రెండు పేర్లూ కల్పితం కాదు. సీజర్ స్వయంగా రాసిన గాల్ యుద్ధాల గ్రంథంలో, ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకున్న ఇద్దరు సైనికులుగా కనిపిస్తారు. ఆ కాస్త ప్రస్తావన పట్టుకుని రచయితలు వాళ్లకు పూర్తి జీవితం అల్లారు.

పుల్లో తాగుతాడు, జూదమాడతాడు, కోపమొస్తే ఎవరినీ లెక్కచేయడు. అయినా స్నేహితుడి కోసం ప్రాణమిస్తాడు. మొదటి సీజన్‌లో అతనికి మరణశిక్ష పడి, గ్లాడియేటర్ల మధ్యకి తోస్తారు. పుల్లో పోట్లాడడు. ఇసుకలో కూలబడి చంపేయమంటాడు. వాళ్లు తన పదమూడో దళాన్ని వెక్కిరించాకే లేస్తాడు. బతుకు మీద ఆశ పోయినవాడు దళం పరువు కోసం మాత్రం కత్తి పట్టుకుంటాడు. చివరికి వొరెనస్ కూడా ఆగలేక బరిలోకి దూకేస్తాడు.

ఇంకో సీను గురించి చెప్పుకోవాలి. రెండో సీజన్‌లో రోమ్ మహావక్త సిసిరోని చంపే పని పుల్లోకి పడుతుంది. ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి, తోటలో మర్యాదగా మాట్లాడతాడు. చెట్టు మీది పండ్లు బాగున్నాయి, కోసుకోవచ్చా అని అడుగుతాడు. ఆయన సరేనంటాడు. తర్వాత పని పూర్తి చేస్తాడు. పగ లేదు, క్రూరత్వం లేదు. తాపీపనికి వచ్చిన మేస్త్రీ పోతూపోతూ రెండు జామకాయలు అడిగినట్టు ఉంటుంది. చూసేవాడికి వెన్నులో చలి పుడుతుంది. ‘ఆర్ఆర్ఆర్’లో తూటా ఖరీదు చెప్పిన బక్స్‌టన్‌ని ఇక్కడే పోల్చుకోవచ్చు. దారుణమైన పనిని మామూలు గొంతుతో చేయడం ఆయనకు అప్పటికే చేతనైన విద్య.

ఖర్చు భరించలేక ‘రోమ్’ని రెండు సీజన్లతోనే, 22 ఎపిసోడ్ల దగ్గర ఆపేశారు. కానీ పుల్లోని ఎవరూ మరిచిపోలేదు.

హీరోగా ఒక్క ఛాన్స్

సహాయ నటుడికి జీవితంలో ఒకసారైనా పోస్టర్ మీద పెద్ద బొమ్మ పడాలని ఉండదా? స్టీవెన్‌సన్‌కి ఆ రోజు 2008 డిసెంబర్లో వచ్చింది. మార్వెల్ కామిక్స్ పాత్ర ‘పనిషర్’గా ‘పనిషర్: వార్ జోన్’లో ఆయనే హీరో. భార్యాపిల్లల్ని పోగొట్టుకుని, నేరస్తులను వేటాడే ఫ్రాంక్ కాసిల్ కథ. డైరెక్టర్ లెక్సీ అలెగ్జాండర్.

సినిమా దారుణంగా తన్నేసింది. సుమారు మూడున్నర కోట్ల డాలర్ల ఖర్చుకి, ప్రపంచమంతా కలిపి వచ్చింది కోటి డాలర్ల చిల్లర. విమర్శకులు రక్తం ఎక్కువైందన్నారు. చిత్రమేమిటంటే, కామిక్స్ అభిమానుల్లో చాలామంది ఆ పాత్రకు సరిగ్గా సరిపోయింది ఈయనేనని ఇప్పటికీ వాదిస్తారు. ఆ తర్వాత ఒక కార్టూన్ సీరియల్లో అదే పాత్రకు గొంతు కూడా ఆయన చేతే ఇప్పించారు.

హీరోగా ఫ్లాప్ పడితే కొందరు కుంగిపోతారు, మళ్లీ చిన్న వేషం వేయడానికి నామోషీ పడతారు. స్టీవెన్‌సన్ లెక్క వేరు. తర్వాతి ఐదారేళ్లలో ఆయన వేసిన వేషాలు చూడండి.

2010లో ‘ది బుక్ ఆఫ్ ఎలై’: గ్యారీ ఓల్డ్‌మన్ విలన్ అయితే, అతని కుడిభుజం రెడ్‌రిడ్జ్ ఈయన. అదే ఏడాది ‘ది అదర్ గైస్’ కామెడీలో సూటూబూటూ వేసుకున్న దుండగుడు. 2011లో ‘థోర్’: పొట్ట కట్టుకుని, ఎర్ర గడ్డం అతికించుకుని, తిండిపోతు యోధుడు వోల్‌స్టాగ్. ‘త్రీ మస్కటీర్స్’లో పోర్థోస్. 2013లో ‘జి.ఐ. జో’ రెండో భాగంలో బాంబులు పేల్చే విలన్ ఫైర్‌ఫ్లై. 2014లో ‘డైవర్జెంట్’లో పైకి పెద్దమనిషి, ఇంట్లో కొడుకుని హింసించే తండ్రి. మన కోట శ్రీనివాసరావు ఒక సినిమాలో ఒళ్లు జలదరించే విలన్‌గా, ఇంకో సినిమాలో కడుపుబ్బ నవ్వించే పిసినారిగా కనిపించినట్టే అనుకోండి. ఈ ఒంటితో ఇన్ని వేషాలా అనిపిస్తుంది.

వీటి మధ్యలో 2011లోనే ‘కిల్ ది ఐరిష్‌మన్’ అనే చిన్న సినిమాలో మళ్లీ ప్రధాన పాత్ర వేశాడు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఇటాలియన్ మాఫియాతో తలపడి, 1977లో కారు బాంబుకు బలైన డానీ గ్రీన్ నిజ జీవిత కథ. క్రిస్టఫర్ వాకెన్, వాల్ కిల్మర్ లాంటివాళ్లు పక్క వేషాల్లో ఉంటే, మధ్యలో నిలబడి సినిమాని లాక్కొచ్చింది స్టీవెన్‌సన్. పెద్దగా ఆడలేదు గానీ, ఆయన నటన చూడాలంటే వెతుక్కుని చూడాల్సిన సినిమా.

విలన్ కన్నీళ్లు

టీవీ ప్రేక్షకులకు ఆయన బాగా దగ్గరైంది 2012లో ‘డెక్స్‌టర్’ ఏడో సీజన్‌తో. ఇందులో ఐజాక్ సిర్కో అనే ఉక్రెయిన్ మాఫియా నాయకుడు. తన అనుచరుడు విక్టర్‌ని చంపిన డెక్స్‌టర్‌ని వెతుక్కుంటూ మయామి వస్తాడు. మామూలు పగ కథే అనుకుంటాం. సగం దాటాక తెలుస్తుంది, విక్టర్ అతనికి అనుచరుడు మాత్రమే కాదు, ప్రాణంగా ప్రేమించిన మనిషి అని. ఆ మాట బయటపడ్డాక ఆ విలన్‌ని ద్వేషించడం కష్టమవుతుంది. చివర్లో చావుబతుకుల మధ్య ఉన్న సిర్కో, విక్టర్ శవాన్ని సముద్రంలో పడేసిన చోటుకి తనని తీసుకెళ్లమంటాడు. చంపినవాడే పడవలో తీసుకెళతాడు. శత్రువులిద్దరూ అక్కడ ప్రేమ గురించి మాట్లాడుకుంటారు.

2016లో ‘బ్లాక్ సెయిల్స్’ సీరియల్లో సముద్రపు దొంగ బ్లాక్‌బియర్డ్ అయ్యాడు. ఆ పాత్ర చావు చూడటానికే భయం వేస్తుంది. తాళ్లతో కట్టి ఓడ అడుగు నుంచి ఈ వైపుకీ ఆ వైపుకీ ఈడుస్తారు. అంతసేపూ అతను లొంగడు. ‘థోర్: రాగ్నరోక్’లో ఇందుకు పూర్తిగా రివర్స్. మూడు సినిమాల్లో చేసిన వోల్‌స్టాగ్‌ని హేలా రెప్పపాటులో చంపేస్తుంది. సహాయ నటుడికి కథ చేసే మర్యాద ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఆయన మాత్రం రెండు చోట్లా ఒకేలా పనిచేశాడు.

జగ్గయ్య రూథర్‌ఫర్డ్ నుంచి బక్స్‌టన్ దాకా

తెలుగు సినిమాకి తెల్లదొర కొత్తేం కాదు. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’లో రూథర్‌ఫర్డ్ వేషం వేసింది మన కొంగర జగ్గయ్య. ఆ కంచు గొంతుతో, హుందాతనంతో దొరని నిలబెట్టాడు. అలాంటివి పక్కన పెడితే, చాలా సినిమాల్లో దొర అంటే వచ్చీరాని తెలుగు మాట్లాడుతూ, చేతికర్ర ఊపుకుంటూ తిరిగే బొమ్మే. హీరో కొట్టడానికి నిలబెట్టిన దిష్టిబొమ్మ.

2019 నవంబర్లో ‘ఆర్ఆర్ఆర్’ బృందం స్టీవెన్‌సన్ పేరు ప్రకటించింది. ఆయన భార్య కేథరిన్‌గా అలిసన్ డూడీ, జెన్నీగా ఒలీవియా మోరిస్. ఇక్కడో ముచ్చట చెప్పుకోవాలి. డూడీ పుట్టింది డబ్లిన్‌లో, స్టీవెన్‌సన్ పుట్టింది లిస్బర్న్‌లో. రెండూ ఐర్లాండ్ ద్వీపంలోనివే. ఆ ద్వీపం కూడా వందల ఏళ్లు ఇంగ్లండు ఏలుబడిలో నలిగింది. దానిలో ఎక్కువ భాగం విడిపోయి స్వతంత్ర రాజ్యమైంది 1922లో, లిస్బర్న్ ఉన్న ఉత్తర భాగం బ్రిటన్‌లోనే ఉండిపోయింది. ‘ఆర్ఆర్ఆర్’ కథ నడిచేదీ ఆ 1920ల్లోనే. అంటే మన తెరమీద తెల్లదొరల అహంకారం చూపించిన ఆ ఇద్దరూ, అదే అహంకారం కింద బతికిన గడ్డ మీద పుట్టినవాళ్లే.

బక్స్‌టన్ పాత్రలో మెలికలు లేవు. మంచితనం మచ్చుకైనా లేదు. అలాంటి పాత్రని ఎలా వేస్తే బాగుంటుంది? గట్టిగా అరిస్తే కార్టూన్ అయిపోతుంది. మరీ తగ్గిస్తే రామ్‌చరణ్, ఎన్టీఆర్ లాంటి ఇద్దరు హీరోల ముందు కనిపించకుండా పోతాడు. స్టీవెన్‌సన్ నిలబడే తీరుతో, తాపీగా నడిచే నడకతో పని కానిచ్చాడు. ఎదుటివాడు మనిషే కాదన్న నమ్మకం ఆ దొర ఒంట్లోనే ఉంటుంది, అందుకే అతనికి కోపం తెచ్చుకోవాల్సిన అవసరమే రాదు. ఇంటర్వెల్ ముందు జంతువులు కోటలోకి దూకినప్పుడు, ఆ నమ్మకం మొదటిసారి కదులుతుంది. చివరికి ఏ తూటా ఖరీదు గురించి పాఠం చెప్పాడో, అదే తూటా భీమ్ చేతిలోంచి అతని మీదకి వస్తుంది. మొదటి సీనులో ఆయన ఆ మాట అంత తేలిగ్గా అనబట్టే, చివర్లో జనం అంత గట్టిగా ఈల వేశారు. హీరో ఎంత ఎత్తు లేస్తాడన్నది విలన్ ఎంత గట్టిగా నిలబడ్డాడన్నదాన్ని బట్టే ఉంటుంది.

షూటింగ్‌లో తాళ్లతో కట్టి గాల్లోకి లేపే సీను చేసేటప్పటికి ఆయన వయసు 56 అనీ, అయినా వెనకాడలేదనీ ఆయన పోయాక సినిమా బృందం గుర్తుచేసుకుంది. సెట్‌కి వస్తూ ఆయన తెచ్చే ఉత్సాహం అందరికీ అంటుకునేదని, ఆయనతో పనిచేయడం ఆనందమని రాజమౌళి నివాళిగా రాశాడు.

పోయాక వచ్చిన పేరు

2022 మార్చి 25న ‘ఆర్ఆర్ఆర్’ విడుదలైంది. 2023 మార్చిలో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చింది. సినిమా పేరు ప్రపంచమంతా మారుమోగుతున్న రోజులవి. మూడు నెలలు తిరగకుండానే, ఇటలీలోని ఇస్కియా దీవిలో ఒక సినిమా షూటింగ్‌లో ఉండగా స్టీవెన్‌సన్ అనారోగ్యంతో ఆసుపత్రిలో చేరి, అక్కడే కన్నుమూశాడు. ముగ్గురు కొడుకులు.

ఆగస్టులో, ఆయన పోయిన మూడు నెలలకి, ‘స్టార్ వార్స్’ కథల్లో భాగమైన ‘అసోకా’ సీరియల్ మొదలైంది. అందులో ఆయన బేలన్ స్కోల్. ఒకప్పుడు ధర్మం పక్షాన ఉన్న జెడై యోధుడు. తన వర్గం సర్వనాశనం కావడం కళ్లారా చూసి, అన్ని పక్షాల మీదా నమ్మకం పోయి, తనదైన దారి వెతుక్కుంటూ పోతుంటాడు. విలన్ అనాలా, విరాగి అనాలా తేల్చుకోలేం. నెరిసిన గడ్డం, అలసిన కళ్లు, నెమ్మదైన గొంతు. కత్తి దూసే ముందు కూడా ఇది తప్పక చేస్తున్నానన్న బాధ ఆ మొహంలో ఉంటుంది. మొదటి ఎపిసోడ్ చివర “మా మిత్రుడు రేకి” అని అంకితం వేశారు. సీరియల్ చూసినవాళ్లలో చాలామంది, కథానాయిక కంటే ఈయన పాత్ర గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు.

దూరాన కొండల వైపు చూస్తూ ఒక పెద్ద రాతి విగ్రహం మీద నిలబడిన బేలన్‌తో అతని కథ ఆ సీజన్‌కి ఆగుతుంది. వెతుకుతున్నదేదో దొరికిందా లేదా చెప్పడానికి స్టీవెన్‌సన్ లేడు. రెండో సీజన్‌కి ఆ పాత్రను రోరీ మెకాన్‌కి ఇచ్చారు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో హౌండ్‌గా కనిపించాడే, ఆయనే. మంచి నటుడే, కానీ పని మాత్రం తేలిక కాదు.

29 ఏళ్లకి నటన నేర్చుకుని బయటికొచ్చి, 40 దాటాక గుర్తింపు తెచ్చుకుని, హీరోగా దెబ్బతిని, మళ్లీ పక్క వేషాలు వేసుకుంటూ, 59 నిండకుండానే వెళ్లిపోయిన మనిషి. ఆయనకు పెద్ద అవార్డులు రాలేదు. కానీ డాగొనెట్ ఎవరో, పుల్లో ఎవరో, సిర్కో ఎవరో, బక్స్‌టన్ ఎవరో చూసినవాళ్లకి విడివిడిగా గుర్తుంటారు. ఇన్ని పాత్రల్లో ఏదీ ఇంకోదానిలా ఉండదు. సహాయ నటుడికి ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది?

ఏది ముందు చూడాలని అడిగితే, కత్తుల కథలు ఇష్టమైనవాళ్లు ‘రోమ్’తో మొదలుపెట్టండి. కాకపోతే పెద్దలకు మాత్రమే సుమా, పిల్లలతో కూర్చుని చూసే సీరియల్ కాదు. గ్యాంగ్‌స్టర్ కథలు నచ్చేవాళ్లకి ‘కిల్ ది ఐరిష్‌మన్’. ఇంటిల్లిపాదీ కలిసి చూడాలంటే ‘అసోకా’. ఇవి చూశాక మళ్లీ ఒకసారి ‘ఆర్ఆర్ఆర్’ పెట్టుకోండి. బక్స్‌టన్ దొరని మళ్లీ తిట్టుకుంటారు, తిట్టుకోవాల్సిందే. కాకపోతే ఈసారి పేరు పెట్టి మెచ్చుకుంటారు కూడా.